స్టవ్ మీద చక్కెర పూత బాదం: పాకం ఇసుకలా మారితే పారేయకండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఓవెన్ లేదు, స్టవ్ మీదే బాదం, అక్రోట్‌లకు చక్కెర పూత పట్టించాలనుకున్నారు. మొదటిసారి పాకం ఉన్నట్టుండి తెల్లగా ఇసుకలా మారిపోతే పాడైందనుకొని పారేశారు. రెండోసారి అలా కాకూడదని నిమ్మరసం పిండి, మంట పెంచి చేస్తే మాడి చేదెక్కింది. మూడోసారి తేనె కలిపి చేస్తే రంగు బాగానే వచ్చింది కానీ మర్నాటికి గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

సూటిగా చెబుతాను. మొదటిసారి మీరు పారేసింది సగం దారిలో ఉన్న పాకం. ఆ తెల్లటి ఇసుక రావాల్సిందే. అది వచ్చాక మంట తగ్గించి, కలుపుతూ మరికొన్ని నిమిషాలు ఉంచితే ఆ చక్కెరే మళ్ళీ కరిగి గింజను పట్టుకుని మెరుస్తుంది. తర్వాత ఎదురైన చేదు, జిగురు రెండూ ఆ ఇసుక దశను తప్పించుకోవాలని చూడటం వల్ల వచ్చినవే. ఓవెన్ అక్కర్లేదు. థర్మామీటర్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

నేను వీటిని ఆర్డర్ల మీద చేసి ఇస్తుంటాను, అడిగినవాళ్ళకు నేర్పుతుంటాను కూడా. నేర్చుకునేవాళ్ళలో చాలామంది సరిగ్గా మీరు ఆగిన చోటే ఆగిపోతారు. పక్కన నిలబడి "ఇంకా కలపండి, ఆపకండి" అని చెప్పడమే నా పని. వంటల పుస్తకాలు ఈ దశను ఒక్క వాక్యంలో దాటేయడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

కొలతలు. 200 గ్రాముల పచ్చి బాదం, 100 గ్రాముల చక్కెర, 50 మిల్లీలీటర్ల నీళ్ళు, చిటికెడు ఉప్పు, చివర్లో ఒక చిన్న చెంచా వెన్న. అంటే గింజల బరువులో సగం చక్కెర. కొందరు గింజలతో సమానంగా చక్కెర వేస్తారు, పూత మందంగా వస్తుంది. కానీ అంత చక్కెరను గింజలన్నిటికీ సమంగా పట్టించడానికి చేయి తిరిగి ఉండాలి. నీళ్ళ విషయంలో అంత పట్టింపు అక్కర్లేదు. అవి ఎలాగూ ఆవిరైపోతాయి, చక్కెర పూర్తిగా కరగడానికే వాటి అవసరం. ఎక్కువ పోస్తే స్టవ్ దగ్గర ఎక్కువసేపు నిలబడతారు, అంతే.

మొదలుపెట్టే ముందే ఒక పెద్ద పళ్ళెంలో బటర్ పేపర్ పరచి పక్కన పెట్టుకోండి. చివర్లో దాని కోసం వెతుక్కునే తీరిక ఉండదు. మైనం పూసిన కాగితం మాత్రం వద్దు, వేడి పాకానికి ఆ మైనం కరిగి గింజలకు అంటుకుంటుంది.

బాదం, చక్కెర, నీళ్ళు, ఉప్పు అన్నీ ఒకేసారి వేసి మధ్యరకం మంట మీద పెట్టండి. ముందు పాకం పట్టి తర్వాత గింజలు వేసే పద్ధతి కూడా ఉంది. నాకు మాత్రం కలిపి పెట్టడమే ఇష్టం, ఎందుకంటే పచ్చి బాదం పాకంతో పాటే లోపలిదాకా వేగుతుంది, విడిగా వేయించే పని తప్పుతుంది. మొదటి కొన్ని నిమిషాలు పెద్దగా ఏమీ జరగదు. చక్కెర కరుగుతుంది, బాదం పొట్టు రంగు దిగి నీళ్ళు లేత గోధుమ రంగుకు తిరుగుతాయి, చిన్న చిన్న బుడగలతో సలసల మరుగుతాయి. అప్పుడప్పుడు కలిపితే చాలు.

ఇక్కడి నుంచి కళ్ళు, చెవులు గిన్నె మీదే ఉండాలి. నీరు తగ్గే కొద్దీ పాకం వేడి 100 డిగ్రీలు దాటి పైకి వెళుతుంది. తీగ పాకం దాటి ఉండ పాకానికి, అంటే 115 నుంచి 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి బుడగలు పెద్దవై బద్ధకంగా పగులుతాయి. సలసల పోయి టపటప వినిపిస్తుంది. గరిటెతో అడుగున ఒక గీత గీసి చూడండి. గీత ఒక క్షణం అలాగే నిలిచి, పాకం మెల్లగా వచ్చి దాన్ని పూడుస్తుంది. అలా కనిపించిందంటే ఇక చేయి ఆపకుండా కలపాలి.

ఒక నిమిషం అటూ ఇటూగా ఆ మార్పు వస్తుంది. ముందు పాకం మెరుపు తగ్గి మసకబారుతుంది. గిన్నె అంచుల్లో తెల్లటి పొర కడుతుంది. గరిటె బరువెక్కుతుంది. ఒక్కసారిగా గుప్పున ఆవిరి లేచి, గింజలు విడివిడిగా, పిండిలో దొర్లించినట్టు తెల్లగా, గరుకుగా మారిపోతాయి. గిన్నె అడుగున పొడి చక్కెర రాలుతుంది. అప్పటిదాకా చక్కగా ఉన్న పాకం కళ్ళ ముందే ఇలా అయిపోతే ఎవరికైనా గుండె జారుతుంది. మీది తొందరపాటేమీ కాదు.

దీనికి కారణం ఉంది. అంత తక్కువ నీటిలో అంత చక్కెర కరిగి ఉండటం దానికి ఇష్టం లేని స్థితి. మళ్ళీ పలుకులు కట్టాలని చూస్తూనే ఉంటుంది. మనం కలపగానే ఎక్కడో ఒక చిన్న పలుకు పుడుతుంది, దాన్ని పట్టుకుని క్షణాల్లో పాకమంతా పలుకులు కడుతుంది. గింజల గరుకు పొట్టు అందుకు మరింత సాయం చేస్తుంది. పలుకు కట్టేటప్పుడు కొంత వేడి విడుదలవుతుంది, పట్టి ఉంచిన తేమను కూడా చక్కెర వదిలేస్తుంది. ఆ గుప్పున లేచిన ఆవిరి అదే. మనకు దీంతో లాభం ఏమిటంటే చక్కెర ప్రతి గింజ చుట్టూ సమంగా చేరుతుంది. నేరుగా ద్రవ పాకంలో గింజలు వేసి తీస్తే ఒకచోట గడ్డగా, ఒకచోట బోడిగా వస్తుంది.

ఇక్కడ ఎవరేం చెప్పినా నీళ్ళు మాత్రం పోయకండి. పోస్తే మొదటికి వస్తారు, పైగా ఇంతసేపూ వేగిన బాదం మళ్ళీ మెత్తబడుతుంది.

మీకు గరుకు పూత నచ్చితే ఇక్కడే దింపేయవచ్చు. అది కూడా ఒక పద్ధతే, ఒకదానికొకటి అంటుకోవు, పని కూడా తేలిక. అలా దింపేయాలనుకుంటే మాత్రం గింజలను ముందే వేయించి పెట్టుకోవాలి, లేకపోతే లోపల పచ్చిగా ఉంటుంది.

మెరిసే పూత కావాలంటే మంట సన్నగా తగ్గించి కొనసాగించండి. అడుగున రాలిన పొడి ముందు కరుగుతుంది. అక్కడక్కడా గోధుమ రంగు మచ్చలు కనిపిస్తాయి. అంచుల్లో ఉన్న పొడి చక్కెరను ఆ తడి మచ్చల్లోకి తోస్తూ, గింజలను అందులో దొర్లిస్తూ ఉండండి. ఈ దశలో గరిటెను తిప్పడం కంటే అడుగు నుంచి పైకి ఎత్తి వేయడం ముఖ్యం. ఇప్పుడు బాదం లోపలి నుంచి చిటపటమనే చిన్న శబ్దం వస్తుంది. గింజ వేగిందనడానికి నేను దాన్నే గుర్తుగా పెట్టుకుంటాను. అనుమానంగా ఉంటే ఒకటి తీసి బాగా చల్లారాక కోసి చూడండి, లోపల లేత గోధుమ రంగు ఉండాలి.

చక్కెర రంగు తిరగడం 160 నుంచి 170 డిగ్రీల మధ్య బాగా తెలుస్తుంది. 190 దగ్గరికి వెళితే చేదు పట్టుకుంటుంది. ఈ రెండింటి మధ్య సన్న సెగ మీద కూడా పెద్దగా వ్యవధి ఉండదు. అందుకే గింజల్లో మూడింట రెండు వంతులు మెరుస్తూ, మిగిలినవి ఇంకా కాస్త తెల్లగా ఉన్నప్పుడే స్టవ్ ఆపేయండి. మిగతా పని గిన్నెలోని వేడి చూసుకుంటుంది. అన్నీ సమంగా మెరిసేదాకా ఆగితే అప్పటికే కొన్ని మాడి ఉంటాయి. కొంచెం మెరుపు, కొంచెం గరుకు కలిసి ఉన్నవే తినడానికి బాగుంటాయని నా అభిప్రాయం. పొగ కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా దించేయండి.

ఆపిన వెంటనే వెన్న వేసి రెండు మూడు సార్లు కలిపి, పళ్ళెంలో పోసి, రెండు ఫోర్కులతో విడదీయండి. వెన్న రుచి కోసం కొంత, గింజలు ఒకదాన్నొకటి పట్టుకోకుండా ఉండటానికి ఎక్కువ. అన్నీ విడదీయాలని పట్టుబట్టకండి. చల్లారాక గుత్తులను చేత్తో విరిస్తే సరిపోతుంది.

ఇప్పుడు నిమ్మరసం సంగతి. అది తప్పు సలహా కాదు, తప్పు చోటికి వచ్చిన సలహా. పులుపు తగిలి మరిగితే చక్కెరలో కొంత భాగం గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది. ఇవి మధ్యలో అడ్డుపడటంతో పలుకులు కట్టడం కష్టమవుతుంది. పాకం తేటగా నిలవాలనుకునే వంటలకు అది వరం. మనకు పలుకులు కావాలి కాబట్టి అదే అడ్డం. మీ రెండోసారి ప్రయత్నంలో జరిగింది ఇదే. ఇసుక దశ రాలేదు, పాకం ద్రవంగానే ఉండి వేడెక్కుతూ పోయింది, దానికి తోడు మంట పెంచారు. గ్లూకోజ్ సిరప్‌ది కూడా ఇదే తీరు. ముదురు రంగు చక్కెరతో చేయవచ్చు కానీ అందులోని మడ్డి వల్ల పలుకు కట్టడం ఆలస్యమవుతుంది, మాడటం త్వరగా జరుగుతుంది. కావాలంటే తెల్ల చక్కెరలో నాలుగో వంతు దాన్ని కలపండి, రుచి వస్తుంది, ఇబ్బంది ఉండదు.

తేనె ఇంకో రకంగా ఇబ్బంది పెడుతుంది. అందులోని చక్కెరల్లో అన్నిటికంటే ఎక్కువ ఉండేది ఫ్రక్టోజ్. మామూలు చక్కెర కంటే చాలా తక్కువ వేడికే రంగు తిరుగుతుంది, గాలిలోని తేమను గట్టిగా లాగుతుంది. తేనె కలిపిన పూత మొదటి గంట కరకరలాడి, ఆ తర్వాత జిగురెక్కడం దాని స్వభావం. మీ మూడోసారి గింజలు ముద్దవడానికి మొదటి కారణం ఇదే. రెండోది పాకం చాలినంత ముదరకపోవడం. తేనె వల్ల రంగు ముందే వచ్చేసింది, మీరు రంగు చూసి దింపేశారు. లోపల ఇంకా తేమ ఉండిపోయింది. పూత పటపట విరగాలంటే పాకం 150 డిగ్రీల దాకా వెళ్ళి ఉండాలి. తేనె రుచి తప్పనిసరి అనుకుంటే స్టవ్ ఆపేముందు ఒక చిన్న చెంచా వేయండి, ఆ పూట తినేయండి.

గిన్నె, మంట గురించి. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె అయితే నాకు హాయి, రంగు స్పష్టంగా కనిపిస్తుంది. నల్లటి నాన్‌స్టిక్‌లో పాకం అంటుకోదు గానీ రంగు ఎక్కడిదాకా వచ్చిందో తెలియదు. దానిలో చేస్తే ఒక తెల్లటి పింగాణీ పళ్ళెం పక్కన పెట్టుకుని చుక్క వేసి చూసుకోండి. ఇనుప పెనం వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది, స్టవ్ ఆపాక కూడా గింజలు మాడుతూనే ఉంటాయి. ఎలక్ట్రిక్ స్టవ్‌ది కూడా అదే గొడవ, మీట తిప్పినంత మాత్రాన వేడి ఆగదు, గిన్నెను పక్కకు ఎత్తి పెట్టాలి. నా దగ్గర నేర్చుకున్న ఒకావిడ అన్నీ సరిగ్గా చేసి, స్టవ్ ఆపి, వెన్న తేవడానికి ఫ్రిజ్ దాకా వెళ్ళి వచ్చేలోపు అడుగు నల్లబడింది. ఇండక్షన్ అయితే వేడి ఆగి ఆగి వస్తుంటుంది కాబట్టి పల్చటి గిన్నె వాడితే మధ్యలో ఒక వలయం మాత్రమే మాడుతుంది. గరిటె చెక్కదైనా, వేడికి తట్టుకునే సిలికాన్‌దైనా సరే.

కొలత రెట్టింపు చేసి ఒకే గిన్నెలో వేయకండి. గింజలు గిన్నెలో ఒక వరుసగా, మహా అయితే ఒకటిన్నర వరుసగా ఉండాలి. అంతకు మించితే పైన ఇసుక దశలో ఉండగానే కింద మాడుతుంది. పెద్ద ఆర్డర్ ఉన్నా నేను విడతలుగానే చేస్తాను. ప్రతి విడతకూ గిన్నె కడగాలి. మిగిలిపోయిన పాత పాకం రెండోసారి వేడెక్కితే ఆ చేదు కొత్త విడత మొత్తానికీ అంటుకుంటుంది.

ఏ గింజ అయినా ఇదే పద్ధతా? దాదాపుగా. కానీ గింజను బట్టి మార్పులున్నాయి. బాదం అన్నిటికంటే మంచి మనసున్నది, కాస్త ఎక్కువ తక్కువైనా ఓర్చుకుంటుంది, మీరు దానితోనే చేయి కుదుర్చుకోండి. వేరుశనగ కూడా అంతే, పొట్టుతోనే వేస్తే పూత బాగా పట్టుకుంటుంది. జీడిపప్పు నున్నగా ఉంటుంది, త్వరగా ఎర్రబడుతుంది. సగానికి విడిపోయిన పలుకులు ఇంకా త్వరగా. దాన్ని మొదటి నుంచీ కాకుండా పాకం బుడగలు పెద్దవయ్యాక వేయండి.

అక్రోట్ మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి. మీరు అది కూడా చేశానన్నారు కాబట్టి చెబుతున్నాను, మీ రెండోసారి చేదులో కొంత వాటా దాని పల్చటి పొరదై ఉండవచ్చు. మరిగే నీళ్ళలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి వడకడితే ఆ వగరు చాలావరకు నీళ్ళలోకి దిగిపోతుంది, నీళ్ళ రంగు చూస్తేనే తెలుస్తుంది. ఆ తర్వాత బట్ట మీద ఆరబెట్టి, సన్న సెగ మీద తడి పూర్తిగా పోయేదాకా వేయించి, చల్లార్చి అప్పుడు పాకంలో వేయాలి. తడిగా వేస్తే ఎంత కలిపినా లోపల సాగుతూ ఉంటుంది. దాని మడతల్లోకి చక్కెర దూరుతుంది కాబట్టి పూత సమంగా రాదు, దానికేమీ చేయలేం, అలాగే బాగుంటుంది.

ఏ గింజ కొన్నా చేసేముందు ఒకటి నమిలి చూడండి. పాత నూనె వాసన, ముక్కిపోయిన రుచి తగిలితే ఎంత చక్కెర పూసినా దాగదు. అక్రోట్‌లో త్వరగా పాడయ్యే రకం కొవ్వు ఎక్కువ కాబట్టి దానికి ఈ పరీక్ష తప్పనిసరి.

మసాలాల గురించి ఎక్కువ చెప్పను, మీ ఇష్టం. దాల్చినచెక్క పొడి, యాలకుల పొడి, కారం ఏవైనా సరే స్టవ్ ఆపాక, వెన్నతో పాటు వేయండి. ముందే వేస్తే మాడతాయి. కారం మంట మీద ఉండగా వేస్తే ఇంట్లో అందరూ దగ్గుతారు. వెనీలా వేసేటప్పుడు ఒక్కసారిగా చిమ్ముతుంది, చేయి దూరంగా పెట్టండి. పైన చల్లే ఉప్పు గింజలను పళ్ళెంలో పోసిన వెంటనే, పూత ఇంకా తడిగా ఉన్నప్పుడే చల్లాలి. చల్లారాక చల్లితే రాలిపోతుంది.

జాగ్రత్త ఒకటి గట్టిగా చెప్పాలి. ఈ పాకం మరిగే నీళ్ళ కంటే చాలా వేడి, పైగా చర్మానికి అంటుకుని కదలదు. రుచి చూద్దామని వేలు పెట్టకండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. మీద పడితే వెంటనే మామూలు చల్లటి పంపు నీళ్ళ కింద 20 నిమిషాలు పట్టి ఉంచండి. ఐస్, టూత్‌పేస్ట్ వద్దు. అంటుకున్న చక్కెరను లాగి పీకకండి. బొబ్బ పెద్దదైతే డాక్టరుకు చూపించండి.

నిల్వ విషయానికొస్తే, గింజలు పూర్తిగా చల్లారాలి, అలాగని గంటల తరబడి బయట వదలకూడదు. వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల ఆవిరి పడుతుంది. రాత్రంతా బయట ఉంచితే గాలిలోని తేమ పీల్చుకుంటాయి. పళ్ళెం అడుగున చేయి పెడితే వేడి తగలని స్థితిలో, సాధారణంగా అరగంటకు, గట్టి మూత ఉన్న గాజు సీసాలోకి ఎత్తేయండి. రెండు వారాలు కరకరలాడుతూ ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టవద్దు, బయటికి తీసిన ప్రతిసారీ చల్లటి పూత మీద తేమ చేరుతుంది. వాన పడుతున్న రోజు చేయాల్సి వస్తే పాకాన్ని కాస్త ముదురు రంగుదాకా పోనిచ్చి, సీసాకు ఎత్తే పని త్వరగా ముగించండి. ఎవరికైనా ఇస్తుంటే అందులో ఏ గింజలున్నాయో సీసా మీద రాసి ఇవ్వండి. గింజల అలర్జీ ఉన్నవాళ్ళకు కొంచెం తగిలినా ప్రమాదం.

జిగురెక్కిన గింజలను బాగుచేయవచ్చా అంటే, మామూలు చక్కెరతో చేసినవైతే చాలావరకు వీలవుతుంది. వెడల్పాటి గిన్నెలో సన్న సెగ మీద వేసి, పూత మళ్ళీ కరిగి మెరిసేదాకా కలిపి, అర చెంచా వెన్నతో బటర్ పేపర్ మీద పోయండి. తేనె పోసినవాటికి ఇది అంతగా పనిచేయదు. అవి సన్నగా తరిగి ఐస్‌క్రీమ్ మీద వేసుకోవడానికి బాగుంటాయి.

గిన్నెకు అంటిన పాకాన్ని గోకకండి. నీళ్ళు పోసి స్టవ్ మీద మరిగిస్తే అదే కరిగిపోతుంది, గరిటెను కూడా అందులోనే వేయండి. పళ్ళెంలో మిగిలే గోధుమ రంగు చక్కెర పొడిని మాత్రం పారేయకుండా చిన్న డబ్బాలో పెట్టుకోండి, కాఫీలో బాగుంటుంది. మళ్ళీ చేసినప్పుడు ఏ స్టవ్, ఏ గిన్నె వాడారో, ఇసుక దశ ఎంతసేపటికి వచ్చిందో రాయండి, మంట ఎక్కడ సర్దుకోవాలో చెబుతాను.